అగ్గిపుల్ల నిలబెట్టిన మోత

అగ్గిపెట్టెలు తయారయ్యే మా గుడియాత్తంలో అగ్గిపుల్లలకు కొదవ లేదు. హార్మోనియంలా మెట్లుండే నా పాత అనలాగ్ సింథసైజర్‌లో ఒక మెట్టు నొక్కి, పక్క మెట్టుకూ దానికీ మధ్య అగ్గిపుల్ల దోపితే, చెయ్యి తీసినా స్వరం ఆగదు. లోపల స్వరాన్ని పుట్టించే రెండు ఆసిలేటర్లను ఒకే శ్రుతికి తెచ్చి, ఒకదాన్ని వెంట్రుకవాసి జరిపితే రెండూ ఒరుసుకుని మోత నెమ్మదిగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఫిల్టర్ గుబ్బ కిందికి తిప్పితే పదును పోతుంది. అంతా కరెంటు చేసే పని.

అప్పట్లో అక్క నా దగ్గరే ఉండేది. చక్కెర జబ్బు వల్ల ఆమె పాదానికి పుండు పడింది. వేలూరు ఆసుపత్రికి పోదామని రోజూ పోరేవాణ్ణి. ఒక మధ్యాహ్నం నేను మోత పెట్టగానే ఆమె మూలుగు ఆగింది.

"ఇది ఇనబడతా ఉంటే నొప్పి తెలీట్లేదు నాయనా. ఆపొద్దు."

ఆపలేదు. నా యంత్రం నొప్పిని మరిపించిందని గర్వపడ్డాను. ఆ గర్వాన్ని నేనేనాడూ నా నాస్తిక సభల్లో చదివే మూఢనమ్మకాల జాబితాలో రాయలేదు.

నొప్పి తగ్గిందన్న మాట విని వీధి ఆడవాళ్లు గడప బయట చెప్పులు విడిచి వచ్చి కూర్చోసాగారు. ఎవరో యంత్రానికి విభూతి పూశారు. ఆ పొడి గుబ్బల సందుల్లో పడి, మోత మధ్య చిటపటలు మొదలయ్యాయి.

"అమ్మ పలకతా ఉండాది," ఎదురింటామె చెంపలేసుకుంది.

"అమ్మ కాదు, మీరు పోసిన బూడిద."

"నీకు నమ్మకం లేకుంటే పక్కకు పో నాయనా. మీ అక్కకుండాది గదా!"

అక్క నవ్వింది. "ఊరూరా మీటింగులు పెట్టి దేవుడు లేడంటివి. నీ ఇంట్లోనే వచ్చి కూసున్నాడు చూడు. ఇంక వేలూరు ఎందుకు? నేను యాడికీ రాను."

అప్పుడు భయమేసింది. మూత విప్పి తీగలు చూపించాను. ఒక్కొక్క గుబ్బా తిప్పి వినిపించాను. వేదికల మీద నెగ్గిన వాదాలన్నీ ఆమె మంచం పక్కన ఓడిపోయాయి. పాదం నల్లబడి గదిలో వాసన లేచిన రోజున స్విచ్ ఆపేశాను. ఆమె అరుపు మొదలైంది. వేలూరుకు తీసుకుపోతుంటే కారులో లత్తేరి దాటినా ఆగలేదు.

"పది రోజుల ముందు తెచ్చుంటే ఒక వేలుతో పోయేది," అన్నాడు డాక్టరు. మోకాలి కింద కాలు తీసేశారు.

మత్తు వదిలాక అక్క దుప్పటి తడుముకుని నా వైపు తిరిగింది.

"నువ్వు ఆపేస్తివి. ఆపకుండా ఉంటే నా కాలుండేది."

ఆపినందుకు కాదు, ఆ పది రోజులూ ఆపనందుకే పోయిందని చెప్పాలి. ఆ మాట ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.