వసారాలో కూర్చున్నవాళ్ళు

మా మేనత్త పోయిన కబురు నాకు కొత్తపేట బస్టాండులో తెలిసింది. కపిలేశ్వరపురం నుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను చూసి దిగి, "మీ అత్తయ్యగారు తెల్లారగట్ట ప్రభువు దగ్గరికెళ్ళిపోయేరండీ" అన్నాడు. అతనూ ఆవిడ చేతి అన్నం తిన్నవాడే.

గోదావరి పొంగిన ప్రతిసారీ లంకల్లోవాళ్ళు అత్తయ్య వసారాలోనే తలదాచుకునేవారు. ఏ ఊరు, ఎవరివాళ్ళు అని అడిగేది కాదు. "ముందు తిననియ్యండి, పేర్లు తరవాత" అనేది. అలాంటి మనిషిని వణుకు జబ్బు పట్టుకుంది. పార్కిన్సన్ అన్నారు కాకినాడ డాక్టరుగారు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోయి, ఎవరో పట్టుకునేదాకా అలాగే నిలబడిపోయేది.

అప్పట్లో కొత్తగా వచ్చిన లెవోడోపా బిళ్ళలు ఆవిడని లేపి నడిపించాయి. మళ్ళీ తనే గరిటె పట్టుకుంది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. కొన్నేళ్ళకి బిళ్ళ బలం తొందరగా దిగిపోసాగింది. డాక్టరుగారు మోతాదు పెంచారు. అప్పుడే వసారాలోకి వాళ్ళు వచ్చారు.

"తడిసిపోయి వచ్చేరే పాపం. ఒక్కరూ నోరు విప్పట్లేదు" అంది అత్తయ్య. అది నడి వేసవి. వసారాలో ఎవరూ లేరు. నేను లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అటు తొక్కకే, పిల్లాడు పడుకున్నాడు" అంది.

అదంతా బిళ్ళ వల్లేనని, తగ్గిస్తే వాళ్ళు కనిపించరని, కానీ ఆవిడ మంచం పట్టక తప్పదని డాక్టరుగారు చెప్పారు. తగ్గించెయ్యాలని మావయ్య పట్టు.

"అక్కడ లేనివాళ్ళకి విస్తళ్ళేస్తుంటే చూళ్ళేకపోతున్నానే" అని ఆయన ఏడ్చేశారు.

"లేరని నాకూ తెలుసండీ" అంది అత్తయ్య నెమ్మదిగా. "వాళ్ళని పంపించేస్తే వాళ్ళతోపాటే నా కాళ్ళూ పోతాయి. ఉండనియ్యండి. కాస్త చుట్టూ తిరిగి నడవండి, చాలు."

"ఆయ్" అన్నారు మావయ్య. ఆనాటి నుంచి మేమందరం గోడవారగా నడిచాం.

ఒకసారి మాత్రం నా చెవిలో చెప్పింది. "ఆ పిల్లాడు కళ్ళు మూయడే. నాకేసే చూస్తాడు. వాడంటేనే భయం." అంత భయాన్నీ ఇంట్లో పెట్టుకుని, కాళ్ళు సాగినన్నాళ్ళూ మాకు అన్నం వడ్డించింది.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాం. వసారా ఊడ్చి, చాపలు తీసేశారు. కాళ్ళు కడుక్కుని నేను తిన్నగా లోపలికి వెళ్ళబోయాను. మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అటు తొక్కకమ్మా" అన్నారు, గొంతు తగ్గించి. "పిల్లాడున్నాడు."

ఆయన గోడవారగా నడిచి లోపలికి వెళ్ళారు. నేనూ ఆయన వెనకే, అలాగే వెళ్ళాను.