పాలవ్యానుకు ఇరవై నాలుగు కోట్ల దారులు

ఆ రోజుల్లో ఓపికున్న మనిషికి తేలని లెక్కంటూ ఉండదని నా ధీమా. ఇంటర్ దగ్గర ఆగిపోయిన చదువును నాకు నేనే లెక్కలతో పొడిగించుకున్నాను. బస్సెక్కితే టికెట్ మీది నంబరును ఏడుతో భాగించి చూసేవాణ్ణి. పెళ్లికి పోతే పందిరి గుంజల్ని బట్టి ఎంతమంది జనం వచ్చారో చెప్పేవాణ్ణి (ఒకసారి వంటవాళ్లు నా మాట నమ్మి అన్నం తక్కువ వండారు. ఆ పెళ్లివారు ఇప్పటికీ నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటారు). అలాంటి నన్ను కోడుమూరు పక్కన ఒక పాలకేంద్రంలో పనికి పెట్టుకున్నారు. చుట్టూ ఉన్న పన్నెండు ఊళ్ల పాలు వ్యానులో వచ్చేవి. ప్రతి క్యాను నుంచి కాసిని పాలు గాజు గొట్టంలోకి తీసి, మంట మీద కాచి చూడడం నా పని. పాలు నిలిస్తే లోపలికి, విరిగితే వెనక్కి. ఇంత చిన్న పనికి అన్ని తిట్లు పడతాయని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

తిట్లలో సగం ఎనుములక్కవే. మా వైపు బర్రెల్ని ఎనుములంటారు. ఆమెకు ఆరు ఉండేవి కాబట్టి కేంద్రంలో అందరికీ ఆమె ఎనుములక్కే. ఆమె ఊరి పక్కనే వాగుండడంతో పచ్చగడ్డికి కరువులేదు, పన్నెండు ఊళ్లలో ఎక్కువ పాలు పోసేదీ ఆ ఊరే. పొద్దుటి పాలతో ఏ పేచీ లేదు. ఎండాకాలం సాయంత్రం పాలే, మంట తగలగానే నా గొట్టంలో ముక్కలు ముక్కలయ్యేవి. మరుసటి పొద్దున ఖాళీ క్యాను కోసం వచ్చి ఆమె వాకిట్లో నిలబడేది.

"ఏమప్పా, ఎనుము అదే, గడ్డి అదే, పితికే చెయ్యి అదే. పొద్దున మంచివైన పాలు మాపుకు చెడ్డవి యాడ అవుతాయి? మారేది నీ గొట్టమే!"

గొట్టం కడిగే తెచ్చానని చెబితే, "గొట్టం కాదు, నీ కండ్లు కడుక్కో" అనేది.

చివరికి మేనేజరు సారు ఒక మాట తేల్చేశారు. ఈ నెలాఖరుకు కూడా ఇలాగే ఉంటే ఎండాకాలం సాయంత్రం వ్యాను నిలిపేస్తారు. అంటే ఎనుములక్కకు ఒక పూట పాలు పోయినట్టే, రెండు ఎనుములు అమ్ముకోవాల్సిందే. బేరగాడు అప్పటికే ఒకసారి వచ్చి వాటి పళ్లు చూసి పోయాడు కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే రీసెర్చి అక్క దిగింది. ఆమెది రాజంపేట పక్క పల్లె. ఏదో పెద్ద కాలేజీలో కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తోంది. చాలా ఊళ్లు తిరిగి మొదటికి రావాలంటే ఏ వరసలో తిరిగితే దూరం తక్కువ అవుతుందన్నది ఆమె విషయం. కాగితం మీది ఊళ్లతో విసుగొచ్చి, నిజం ఊళ్లు, నిజం వ్యాను కావాలని వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. సంచిలోంచి ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు తీస్తే మేమందరం పెళ్లికూతుర్ని చూసినట్టు చుట్టూ మూగాం. వ్యాను డ్రైవరు హారన్ భాయి ఒక్కడే దూరంగా నిలబడ్డాడు (కుక్క కనబడినా, కొండ కనబడినా హారను కొట్టేవాడు, అందుకని ఆ పేరు).

"ఇరవై ఏండ్లుగా తిరుగుతాండా. నాకు దారి చెప్పేదానికి పెట్టె వచ్చిందా?" అన్నాడు.

నాకు ఇంకో విధంగా రోషం వచ్చింది. "దీనికి కంప్యూటరెందుకక్కా? పన్నెండు ఊర్లే కదా. ఉన్న దారులన్నీ రాసి, దూరాలు కూడితే ఏది చిన్నదో అదే తేలుతాది. ఆదివారానికి నేనిస్తా" అన్నాను.

అక్క నవ్వలేదు. ఆమెను నేను మొదట గౌరవించింది అందుకే. "రాసియ్యప్పా, నా లెక్క సరిచూసుకునేదానికి నాకూ ఒకటి ఉంటాది" అని ఊరికీ ఊరికీ మధ్య దూరాలు రాసిచ్చింది.

పాత క్యాలెండర్ల వెనక పక్క రాయడం మొదలుపెట్టాను. మొదటిరోజే నాకు గొప్ప ఉపాయం తట్టింది. ఒక దారిని మొదటి నుంచి చివరికి తిరిగినా, చివరి నుంచి మొదటికి తిరిగినా దూరం ఒకటే. కాబట్టి ప్రతి జంటలో ఒకదాన్ని పారేయొచ్చు. పని సగానికి సగం తగ్గిపోతుంది! పరుగెత్తి పోయి చెప్పాను. అక్క కళ్లు మెరిశాయి. "శానా మంచి ఆలోచన. నా ప్రోగ్రాములో కూడా నేను అదే చేసినా" అంది. ఆ ఒక్క మాటతో నాకు రెండు రోజులు ఆకలి వేయలేదు.

ఆదివారం వచ్చింది. వెంకటేశ్వరుడి వీపు నిండింది, లక్ష్మి వీపు నిండింది, ఎరువుల కంపెనీ వాళ్లిచ్చిన ట్రాక్టరు బొమ్మ వీపూ నిండింది. ఇంతా చేసి నేనింకా మొదటి ఊరిని మార్చలేదు, చివరి నాలుగైదు ఊళ్లనే అటూ ఇటూ తిప్పుతున్నాను. ఇంకో ఆదివారం దాకా గడువు అడిగాను. అక్క పెన్సిలు నా చేతికే ఇచ్చి, మొదటి ఊరు పన్నెండింటిలో ఏదైనా కావచ్చు, రెండోది మిగిలిన పదకొండులో ఏదైనా, కాబట్టి పన్నెండును పదకొండుతో, దాన్ని పదితో, అట్లా ఒకటి దాకా గుణించి సగం చెయ్యమంది. చేశాను. ఇరవై మూడు కోట్ల తొంభై ఐదు లక్షల ఎనిమిది వందలు వచ్చింది. తప్పనుకుని మళ్లీ చేశాను. అంతే వచ్చింది.

"నిమిషానికి ఒక దారి రాస్తావనుకో. నిద్ర ల్యా, తిండి ల్యా. ఎన్నేండ్లు?"

నోటితోనే కట్టాను. నాలుగు వందల యాభై ఐదేళ్లు.

"హంపీలో రాయలు ఉండే కాలంలో కూర్చొని ఉంటే, ఇప్పుడిప్పుడే చివరి క్యాలెండరుకు వచ్చేవాడివి" అని అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నా లోపల ఏదో పెద్ద తలుపు తెరుచుకుంది. పన్నెండు ఊళ్లు! బీడీ కాల్చుకుంటూ హారన్ భాయి పూటపూటా తిరిగే పన్నెండు ఊళ్లలో అంత లోతు ఉందా? మరి కంప్యూటరు ఎట్లా చేస్తుందని అడిగాను. సగం దారి పోయేసరికే, అంతకుముందు దొరికిన మంచి దారికంటే పొడవైపోతే, ఆ మొదలుతో వచ్చే లక్షల దారుల వంక ఇక చూడనే చూడదట. అన్నీ లెక్కపెట్టడమే గొప్పని బతికిన నాకు, చూడాల్సిన పని లేనివాటిని రుజువుతో వదిలేయడం అంతకంటే గొప్పదని ఆ రోజు తెలిసింది.

టీ వచ్చేలోగా కంప్యూటరు జవాబు చెప్పింది. అందరం తలలు దూర్చి చూశాం. అన్నిటికంటే చిన్నదారి ఏదంటే, హారన్ భాయి రోజూ పోయే దారే.

"అరె, చూసినారా!" అని భాయి వ్యాను దగ్గరికి పోయి గట్టిగా హారను కొట్టి వచ్చాడు. "కోట్ల దారులు ఎతికి నా దగ్గరికే వచ్చింది ఈ పెట్టె. దీనికి బుద్ధి ఉండాది."

క్యాను కోసం వచ్చి వాకిట్లో నిలబడిన ఎనుములక్క మాత్రం నవ్వలేదు. "అయితే నా పాలు ఇరిగేది సరైన లెక్కేనని కంప్యూటరు కూడా చెప్పిందా, తల్లీ?"

అక్క ముఖం చిన్నబోయింది. అయినా జవాబు వెతకడానికి పుస్తకం తెరవలేదు. సాయంత్రం చున్నీ తలకు చుట్టుకుని వ్యాను వెనక ఎక్కి, క్యాన్ల మధ్య కూర్చుంది. "ఈడ కూర్చుంటే నువ్వు కూడా ఇరిగిపోతావమ్మా" అని భాయి ముందు సీటు తుడిచిచ్చినా దిగలేదు. మొదటి ఊరు ఎనుములక్కది. పది పెద్ద క్యాన్లు ఎక్కాయి. అక్కడి నుంచి ఊరు దాటినప్పుడల్లా అక్క ఆ క్యాన్ల మీద చెయ్యి పెట్టి చూసిందట. చివరి రెండు ఊళ్లలో ఎక్కినవి రెండే రెండు చిన్న క్యాన్లు. కేంద్రంలో దిగేసరికి ఆమె ముఖం ఎర్రమట్టితో పూసినట్టుంది. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, మనం ఒక సగం పారేసినాం కదా?"

"అవునక్కా, ఎదురు దారులు."

"జవాబు దాంట్లో ఉండాది."

ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఎటు తిరిగినా దూరం ఒకటే, కానీ వ్యానుకు! పాలకు కాదు. ముందు ఎక్కిన క్యాను దారంతా ఎండలో ఉడుకుతుంది, చివర ఎక్కింది పది నిమిషాల్లో దిగుతుంది. అదే దారిలో ఎదురు తిరిగితే ఎనుములక్క ఊరు చివరిదవుతుంది, పైగా అప్పటికి పొద్దు కుంకుతుంది. ముందు ఎక్కే ఆ రెండు చిన్న క్యాన్లకు తడిగోనె చుట్టి భాయి పక్కన నీడలో పెట్టుకోవచ్చు. పది పెద్ద క్యాన్లకు ఆ ఉపచారం ఎవరు చేయగలరు? అక్క కంప్యూటరును ఈసారి వ్యాను ఎంత దూరం తిరుగుతుందని కాకుండా, ఏ క్యాను ఎంతసేపు తిరుగుతుందని అడిగింది. అదీ అదే చెప్పింది.

ఇక అడ్డు మేనేజరు సారు. ప్రతి గురువారం మంత్రాలయం పోయివచ్చే మనిషి. వ్యాను కుడిపక్కకు తిరిగి ప్రదక్షిణగా ఊళ్లు చుట్టి రావాలన్నది ఆయన పెట్టిన నియమమే. "ఎడమగా తిరిగేదా? అప్రదక్షిణం! పాలు లక్ష్మి, అమ్మా" అని చెవులు మూసుకున్నారు.

అక్క కాగితం మీద పన్నెండు ఊళ్లూ గీసి, మెల్లగా అడిగింది. "సార్, ఇన్నాళ్లూ మనం ప్రదక్షిణ చేస్తాండేది ఎవరికి? మధ్యలో ఉండేది కంకర క్వారీ కదా?"

సారు కాగితం మీద వేలితో ఊళ్లన్నీ ఒక చుట్టు చుట్టి చూసుకున్నారు. హారన్ భాయి నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. "ఒక్కరోజు చూద్దాం" అన్నారు సారు. అన్నారే గాని, మరుసటి సాయంత్రం వ్యాను ఎడమపక్కకు తిరిగేముందు చక్రం కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, క్వారీ వైపు కూడా ఒక దండం పెట్టారు (ఎందుకైనా మంచిదని).

ఆ సాయంత్రం వ్యానులో క్యాన్లతోపాటు అక్క దిగింది, ఆమె వెనకే ఎనుములక్క కూడా దిగింది. నా ఎదురుగా నిలబడి గొట్టం తానే కడిగిచ్చింది. మొదట చిన్న క్యాన్ల పాలు కాచాను, నిలిచాయి. తర్వాత ఆమెవి. పాలు వేడెక్కాయి, అంచున బుడగలు వచ్చాయి, పొంగి పైకొచ్చాయి. తెల్లగా, నున్నగా, ఒక్క ముక్క లేకుండా నిలిచాయి.

"ఇంకోసారి కాచు. నీ మీద నాకు నమ్మకం ల్యా" అంది ఎనుములక్క.

మళ్లీ కాచాను. మళ్లీ నిలిచాయి. అప్పుడు ఆమె అక్క చెంప మీది ఎర్రదుమ్మును కొంగుతో తుడిచి, "నీ పెట్టెకు దిష్టి తీసుకోమ్మా, ఎనుములోళ్ల కండ్లు పడినాయి" అంది. బేరగాడు మళ్లీ వస్తే ఈసారి అతని పళ్లు చూసి పంపించిందని భాయి చెప్పాడు.

ఇప్పుడు అక్క పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆమె శిష్యులు రాసిన ప్రోగ్రాములు టమాటా లారీలకూ, ఆసుపత్రులకు రక్తం మోసే బండ్లకూ దారి చూపుతున్నాయట. ఫోను చేసినప్పుడల్లా, "ఏమప్పా, ఏం పారేస్తాండావు?" అని పలకరిస్తుంది. మొన్న మేనకోడలి పెళ్లి కార్డులు పంచడానికి ఆరు ఇళ్లు తిరగాల్సి వచ్చింది. నేను వరండాలో కాగితం తీసి వరసలు రాస్తుంటే, నా భార్య చెప్పులేసుకుని ఎండలో నిలబడి, "పోతాండామా, ల్యాకుంటే పెండ్లి అయినాక పోదామా?" అంది. ఏడు వందల ఇరవై దారులేనని చెప్పబోయి ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఎదురు దారుల్ని పారేయలేదు మరి.

దేవుళ్ల వీపుల మీద వంగి, ఆదివారానికల్లా తేల్చేస్తానని రాసుకుంటున్న ఆ కుర్రవాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఇంకా నాలుగు వందల యాభై ఐదేళ్ల పని ఉందని అతనికి చెప్పాలనిపించదు. ఇంకో క్యాలెండరు అందించాలనిపిస్తుంది.