తలూపే సుబ్బారాయుడు

శేషగిరి చెడ్డవాడు కాదని మా ఆయన నజీముద్దీన్ ఇప్పటికీ వాదిస్తాడు. ఇద్దరూ మెల్‌బోర్న్‌లో ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేశారు, ఒకే డబ్బాలో పులిహోర తిన్నారు. ఆయనకి అలాగే ఉంటుంది. నేను వాదనకి దిగను. చూసింది చెప్తాను, మీకేమనిపిస్తే అది అనుకోండి.

శేషగిరిది చీరాల, మాది బాపట్ల. పరాయి దేశంలో వరస కలవడానికి ఆ మాత్రం చాలు. నా పేరు ఆరిఫా అయినా నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఆయన భార్య శ్యామసుందరి వదినా అనేది. తొంభై ఎనిమిదిలో వచ్చి మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మాకు రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. అప్పట్లో ఎక్కడ చూసినా ఒకటే గోల, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి పిచ్చెక్కుతుందని. ముప్పై ఏళ్ల కిందట ఎవరో చోటు కలిసొస్తుందని సంవత్సరంలో రెండంకెలు ఎగరగొట్టారట. ఆ తప్పు పాత ప్రోగ్రాముల్లోంచి కొత్తవాటిలోకి పాకుతూ వచ్చిందట. దాన్ని వెతికి దిద్దడమే శేషగిరి పని. పాత తప్పు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని నజీముద్దీన్ అంటాడు. నిజమే అయ్యుంటుంది.

శ్యామసుందరి ఆయనకి సొంత అక్క కూతురు. పెళ్లయి ఇన్నేళ్లయినా "మావయ్యా" అనే పిలిచేది. వాళ్లింట్లో అందరిదీ దబ్బపండు ఛాయ. "మా ఇంటి రంగు బయటికి పోకూడదని మా అమ్మ పట్టుబట్టి చేసింది చెల్లెమ్మా ఈ పెళ్లి" అని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. దగ్గరి సంబంధాలు మా ఇళ్లలోనూ ఉన్నాయి. మా పెద్దక్క చేసుకున్నది మా చిన్నాన్న కొడుకునే. కాబట్టి నేను నీతులు చెప్పబోవడం లేదు.

చీరాలలో వాళ్లకి ఒక మగబిడ్డ పుట్టి ఎనిమిది నెలలకి పోయాడు. ఆ ఎనిమిది నెలల్లో వాడు ఒక్కసారి కూడా మెడ నిలబెట్టలేదట. జ్యోతిష్కుడు సర్పదోషమన్నాడు. మళ్లీ కడుపు పండితే సుబ్బారాయుడి పేరు పెట్టుకుంటానని శ్యామసుందరి మొక్కుకుని, ఆ మొక్కు మూటగట్టుకుని విమానం ఎక్కింది. ఈసారి పుట్టే బిడ్డ బతకాలి. ఆ పిల్లకి లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

పాములు ఆ ఇంటికి తొంభై తొమ్మిదిలో వచ్చాయి. ఆఫీసులో రిటైరవుతున్న ఒక తెల్లాయన తన పెంపుడు జంటను శేషగిరికి ఇచ్చాడు. కొండచిలువలే గానీ ఇక్కడి చిన్న జాతి, మన జెర్రిపోతంత కూడా ఉండవు, విషం లేదు. లైసెన్సు తీసుకుంటే ఎవరైనా పెంచుకోవచ్చు. ఈ జంటకి మచ్చలూ చారలూ లేవు. ఒళ్లంతా పచ్చటి పసుపు కొమ్ములా ఉండేవి. రెండూ ఒకే ఈత పిల్లలు, అన్నా చెల్లీ. ఆ రంగు మరో పాముతో కలిస్తే పోతుందని, వీటిని వీటితోనే కలపాలని ఆయన చెప్పాడట. శేషగిరికి ఆ మాట తెగ నచ్చేసింది.

శ్యామసుందరి మొదట వారం రోజులు ఆ గది వైపు వెళ్లలేదు. తర్వాత తనకి తనే సర్ది చెప్పుకుంది. "నేను ఆయన్ని వెతుక్కుంటూ గుడికి పోలేనని ఆయనే నా ఇంటికొచ్చాడేమో వదినా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తారీకున ఏ కంప్యూటరుకీ పిచ్చెక్కలేదు. శేషగిరి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి థర్మాకోల్ పెట్టెలో పెట్టిన పదకొండు పాము గుడ్లలో ఆరు పగిలి ఉన్నాయి. పిల్లలు ఆరూ పసుపే. మూడింటికి వెన్ను వంకర, అవి వారంలో పోయాయి. మిగిలినవాటిలో రెండు మామూలుగా ఉన్నాయి. ఒకటి మాత్రం తల ఎత్తితే చాలు, కిందికీ పైకీ ఊపేది. ఎంతసేపైనా ఆపేది కాదు.

శ్యామసుందరి దానికి దణ్ణం పెట్టింది. పడగ లేదు కదమ్మా అంటే, "పడగ లేకపోతేనేం, అడిగినదానికి సరేనంటున్నాడుగా" అంది. దానికి సుబ్బారాయుడని పేరు పెట్టింది.

నేను క్రాన్‌బర్న్‌లో ఒక పశువుల డాక్టరమ్మ దగ్గర నర్సుగా చేసేదాన్ని. ఏప్రిల్లో శేషగిరి ఆ పాముని దిండు గలీబులో వేసి తీసుకొచ్చాడు. ఎలకపిల్లను ముందు పెడితే నోరు తెరిచి గాల్లో కొరుకుతోందిట, గురి కుదరడం లేదట. డాక్టరమ్మ దాన్ని వెల్లకిలా తిప్పి బల్లమీద పెట్టింది. మళ్లీ బోర్లా పడటానికి అది మెలికలు తిరుగుతూ గింజుకుంది. చాలాసేపు గింజుకుంది, కుదరలేదు. నేనే తిప్పాను. తల్లీ తండ్రీ తోబుట్టువులా అని డాక్టరమ్మ అడిగింది. అవునన్నాడు.

ఇది మెదడులో లోపమని, పుట్టుకతో వచ్చిందని, మందు లేదని ఆవిడ విడమరిచి చెప్పింది. రంగు కోసం దగ్గరివాటినే కలుపుతూ పోతే, లోపల దాగి ఉన్న జబ్బు రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే పిల్లలో కలుస్తుందంది. ఆ జంటను మళ్లీ కలపొద్దని, దీన్ని బాధ లేకుండా సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చడం మంచిదని చెప్పింది. శేషగిరి అన్నిటికీ యెస్ డాక్టర్ అన్నాడు.

బయట కారు దగ్గర నన్ను ఆపాడు. "చెల్లెమ్మా, ఇదంతా శ్యామకి చెప్పబాక. సుబ్బారాయుడంటూ పూజలు చేసుకుంటంది. డాక్టరు ఆల్ గుడ్ అన్నదని నేను చెప్తాలే. ఆమె నిన్నడిగితే నువ్వూ అదే చెప్పు" అన్నాడు.

సరేనని తలూపాను. మర్నాడు శ్యామసుందరి ఫోన్లో "డాక్టరమ్మ ఏమందొదినా?" అని అడిగితే "బానే ఉందంది" అన్నాను. ఒక పాము గురించి చిన్న అబద్ధం, దానివల్ల ఒక పిచ్చిపిల్లకి ఊరట, అనుకున్నాను. అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు, ముగ్గురూ గుండ్రాళ్లు. ఊరట అనే మాట నాకు చాలా తేలిగ్గా వచ్చేది.

సెప్టెంబరులో శ్యామసుందరికి నెల తప్పింది. ఆస్పత్రిలో ఫారం నింపుతూ, మీకూ మీ భర్తకీ రక్త సంబంధం ఉందా అని నర్సు అడిగితే శేషగిరి లేదన్నాడు. అబద్ధమని కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. "ఆమెది కౌండిన్యస గోత్రం, మాది భారద్వాజ. ఇంటిపేర్లు వేరు. రక్త సంబంధం ఎట్టవుద్ది?" అని తర్వాత నజీముద్దీన్‌తో వాదించాడు. కానీ ఆస్పత్రిలో శ్యామసుందరి ఏదో అడగబోయి "మావయ్యా" అంది. అంటే ఏమిటని నర్సు అడిగింది. అంకుల్ అంది. మీవాళ్లు కనబడ్డవాళ్లందర్నీ అంకుల్ అంటారుగా, అలాంటిదా అని ఆ నర్సు నవ్వింది. "నో, నో, మై మదర్స్ ఓన్ బ్రదర్" అని ఈ వెర్రితల్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. ఇదివరకు ఒక బిడ్డ అలా పోయాడు కాబట్టి ఇద్దరి రక్తమూ పరీక్ష చేస్తామని, కడుపులో బిడ్డకి కూడా పరీక్ష ఉందని, ఫలానా తేదీలోగా రమ్మని. శేషగిరికి కోపం వచ్చింది. మా అమ్మ చేసిన పెళ్లిని తప్పంటారా వీళ్లు అన్నాడు. శ్యామసుందరికి మాత్రం వెళ్లాలని ఉంది. పైకి అనలేదు, ఆ ఉత్తరాన్ని పోపులపెట్టె కింద భద్రంగా దాచుకుంది.

ఆ యేడు నాగుల చవితికి నన్ను పిలిచింది. క్రాన్‌బర్న్‌లో పుట్టెక్కడ దొరుకుతుంది? గాజుపెట్టె ముందే పసుపు రాసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, గిన్నెలో పాలు పెట్టింది. ఉత్తరం తెచ్చి పెట్టె ముందు పరిచింది. లోపల సుబ్బారాయుడు తల ఎత్తి ఉన్నాడు. అప్పటికి వాడికి శేషగిరి పుల్లతో నోట్లో కుక్కితేనే తిండి.

"స్వామీ, ఈ టెస్టుకి వెళ్లమంటావా?" అని అడిగింది.

పాము తలూపింది.

ఆ పిల్ల మొహం ఎంత తేటపడిందో నేను చూశాను. వెంటనే వెనకనుంచి శేషగిరి వచ్చాడు. "అట్టా కాదే అడగటం. అట్టా అడిగితే నీ ఇష్టం అంటాడు. టెస్టు లేకుండానే నా బిడ్డ బాగుంటదా స్వామీ అని అడుగు, తెలుస్తది" అన్నాడు.

ఆమె అలాగే అడిగింది. పాము తలూపింది.

"చూశావా మరి!" అని శేషగిరి చప్పట్లు కొట్టాడు. నా వైపు తిరిగి కన్ను గీటాడు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, చేతిలో చలిమిడి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

శ్యామసుందరికి ఎక్కడో అనుమానం తగిలినట్టుంది. ఒకే దేవుడు రెండింటికీ అవునన్నాడు కదా. నా వైపు చూసి "అంతేనంటావా వదినా?" అంది.

ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. వాళ్ల మతం, వాళ్ల పండగ, వాళ్ల ఇల్లు. నాకెందుకులే అనిపించింది. గంగిరెద్దులా తలూపాను. శేషగిరి ఆ ఉత్తరాన్ని మడిచి, మూత తీసి, పాము కింద పాత పేపర్లతో పాటు పరిచేశాడు.

ఆ తర్వాత ఆయన కాంట్రాక్టు అయిపోయింది. కొత్త ఉద్యోగం కోసం తిరుగుతూనే పాముల మీద పడ్డాడు. డాక్టరమ్మ వద్దన్న జంటనే అప్పటికే మళ్లీ కలిపి ఉన్నాడు. జనవరిలో తొమ్మిది పిల్లలు లేచాయి. ఏడు తలలు ఊపాయి. ఆ ఏడూ ఏమయ్యాయని నేను అడగలేదు.

మే నెలలో ఆడపిల్ల పుట్టింది. నాగ గీతిక అని పేరు పెట్టారు. దబ్బపండు ఛాయ. శేషగిరి ఆఫీసులో పాత స్నేహితులందరికీ ఫోటో పంపాడు. మూడో నెల దాటినా పిల్ల మెడ నిలవలేదు. భుజాన వేసుకుంటే తల ఒకసారి లేచి, ఊగి, వాలిపోయేది. ఆస్పత్రిలో బొమ్మ గీసి చూపించారట. చీరాలలో ఉన్న శేషగిరి తల్లి, ఆ ముసలావిడ ఒంట్లో దాగిన లోపం కొడుకు దారినొకటి, కూతురి దారినొకటి వచ్చి ఈ పిల్లలో కలిసిందని. ముందే పరీక్షకి వచ్చుంటే తెలిసేదని కూడా చెప్పారట.

అదే వారం శ్యామసుందరి గోంగూర పొట్లం కోసం గరాజులో ఉన్న ఫ్రీజరు తీసింది. అడుగున ఐస్‌క్రీం డబ్బా ఒకటి కనిపించింది. మూత తీస్తే ఏడు పసుపు పాముపిల్లలు, ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టి ఉన్నాయి. పిల్లని చంకనేసుకుని, ఆ డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఇదేంటి మావయ్యా అంది. ఆయన కంప్యూటరు ముందునుంచి తల తిప్పలేదు.

"అవా? డిఫెక్ట్ పీసులు. తల నిలవనివాటిని ఉంచుకుని ఏం చేసుకుంటాం? బతికినా వాటికీ బాధే, మనకీ బాధే" అన్నాడు.

ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. ఆమె అరవలేదు. ఇవీ ఊపేవా అని అడిగింది. "అన్నీ ఊపేవే. అదొక జబ్బు, నీ సుబ్బారాయుడిదీ అదే" అన్నాడు. ఇవన్నీ ఆమె నాకు చెప్పినవే, మాట పొల్లుపోకుండా.

గీతిక ఆ తర్వాత ఏడు నెలలు బతికింది. ఆ ఏడు నెలల గురించి నేను చెప్పలేను. శేషగిరి తర్వాత పెర్త్ వెళ్లిపోయాడు, ఒంటరిగా, పాముల్ని తీసుకుని. కానింగ్ వేల్‌లో ఉన్నాడని, ఆ రంగుకి పాములు పెంచేవాళ్ల క్లబ్బులో బహుమతి కూడా వచ్చిందని నజీముద్దీన్ అంటాడు. నాకు మాత్రం ఆయన పేరెత్తితే ఆమె ఫ్రీజరు తెరిచిన మర్నాడు జరిగిందే గుర్తొస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం శ్యామసుందరి మా క్లినిక్‌కి వచ్చింది. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేతిలో దిండు గలీబు. నిద్రపుచ్చడానికి తెచ్చానంది. గలీబు విప్పి పాముని బల్లమీద పెట్టాను. అది తల ఎత్తింది. ఆగు అంది. వంగి దాని ముందు మొహం పెట్టింది.

"స్వామీ, నా పేరు ఆరిఫా కదా?"

పాము తలూపింది.

"నాకు పెళ్లే కాలేదు కదా?"

తలూపింది.

"నా గీతిక మెడ నిలబెడుతుంది కదా?"

తలూపింది. ఆమె భుజం మీద పిల్ల తల లేచింది, ఊగింది, వాలింది.

శ్యామసుందరి నిటారుగా నిలబడింది. కళ్లలో నీళ్లు లేవు. మూడేళ్లుగా వదినా తప్ప ఇంకో మాటతో నన్ను పిలవని పిల్ల, "ఇది జబ్బని నీకు ముందే తెలుసా ఆరిఫా?" అంది.

తలూపాను.