వంకల గురునాథరావు గారు ఎంచిన గాలి యంత్రం

గురునాథరావు గారికి వంక పెట్టందే ముద్ద దిగేది కాదు. బెండకాయ చూపిస్తే "ముదిరింది" అనేవారు. విరిచి చూపిస్తే "మరీ లేత, జిగురొస్తుంది" అనేవారు. పెళ్లిచూపుల్లో రోజారమణి గారికి ఏ వంకా దొరక్క, ఆవిడ కూర్చున్న కుర్చీకి ఒక కోడు పొట్టిగా ఉందని చెప్పి లేచొచ్చారట. కుర్చీ బాగుచేయించాకే ముహూర్తం పెట్టుకున్నారు.

కోనసీమ నుంచి వచ్చి, విశాఖ పోర్టులో ఓడలకు గాలీ వానా కబురు చెప్పే ఉద్యోగం ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరయ్యారు. కాపురం వన్ టౌన్‌లో. ఆయన గడప దిగితే దుకాణాల వాళ్లు మంచి సరుకు లోపల దాచేసేవారు. అలాంటి మనిషికి ఒక యంత్రం ఎంచే పని అప్పజెప్పారండీ! కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

2006 నాటి మాట. రొయ్యల వ్యాపారి దొరబాబు, పద్మనాభం అనే ఊరి పొలాల మధ్య సొంతానికి రన్‌వే వేసుకుని, రెండు సీట్ల బుల్లి విమానం నడిపేవాడు. అక్కడి కాపలా మనిషి గోపి. గోపి వాళ్ల నాన్న ఇచ్చిన నేలలోనే రన్‌వే వేశారు కాబట్టి ఆ ఉద్యోగం దొరికింది. స్తంభానికి కట్టిన గుడ్డ సంచి ఎటు ఊగితే గాలి అటని చూసి, వాకీటాకీలో దొరబాబుకి చెప్పేవాడు.

ఆ తొలకరిలో సంచి తడిసి వేలాడిపోయింది. గాలి ఉన్నట్టుండి కొండవైపు నుంచి తిరిగింది. విమానం రన్‌వే వదిలి పక్క మళ్లో దిగింది. దొరబాబుకి దెబ్బ తగల్లేదు గానీ, నడుం దాకా బురదతో బయటికొచ్చాడు.

"ఇళ్ల మీద పెట్టుకునే వాతావరణ యంత్రాలున్నాయట. గురునాథరావు గారు ఎంచి ఇస్తారు. నెలాఖరుకి బిగించకపోతే రన్‌వే మూసేస్తా. నీకూ పనుండదు" అన్నాడు గోపితో.

గోపికి ఇద్దరు పిల్లలు. ఉన్న నేల కాస్తా రన్‌వే కిందికి పోయె.

వన్ టౌన్‌లో ఓడల సామాను అమ్మే ఎల్లాజీ మూడు యంత్రాలు తెప్పించాడు.

"అంకెలు చీమ తలకాయలంత ఉన్నాయి" అన్నారు గురునాథరావు గారు మొదటిదాన్ని చూసి.

రెండోదాని మీద తిరిగే గిన్నెల్ని వేలితో తట్టి, "మరీ తేలిక. కాకి వాలినా తుఫానంటుంది" అన్నారు.

మూడోది చూసి గోపి మురిసిపోయాడు. గాలి తానే కొలిచి, రేడియోలో ఆడగొంతుతో ఇంగ్లీషులో తానే చెప్పేస్తుంది. గురునాథరావు గారు నాలుగుసార్లు చెప్పించుకుని విన్నారు.

"దీనికి పద్మనాభం అనడం రాదోయ్."

"రాపోతే ఏటండి? దొరబాబుగోరికి దారి తెలీదా?"

"గొంతు కూడా తీపెక్కువ. విమానంలో నిద్దరొచ్చేస్తుంది."

నెలాఖరు ఇంక మూడు రోజులుందనగా గోపికి ఓపిక నశించింది.

"ఏటి సేత్తన్నారండి మీరు? మీ వంకలకి నా కూడు పోతాది! నా పిల్లలు ఏటి తింతారు? రేపు పాడెక్కించినా వెదురు వంకరంటారు మీరు!"

బజారంతా విన్నది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నారు. మూలన దుమ్ము పట్టిన ఒక యంత్రం చూపించి, "ఇది ఇచ్చెయ్" అన్నారు.

"అది పలకదండి బాబూ, ముల్లు సూసి సెప్పడానికి పక్కన మనిసుండాలి. ఎవులూ కొనరు" అన్నాడు ఎల్లాజీ.

"ఇదే."

యంత్రం బిగించారు, ఉద్యోగం నిలిచింది. కానీ ఆ పాడె మాట గోపి గొంతులో ముల్లులా ఉండిపోయింది. క్షమించమని అడగాలి. ఎలా అడుగుతాడు? గురునాథరావు గారు ఏడాదికోసారి యంత్రం పరీక్షకొచ్చేవారు. ఆయన బస్సు దిగడం చూడగానే గోపి మంచమెక్కి, ముసుగుతన్ని నిద్ర నటించేవాడు. వచ్చే ఏడు అడుగుదాంలే అనుకుంటూ మూడేళ్లు గడిపేశాడు. నాలుగో ఏడు ఆయన రాలేదు. ఆయన పోయారని కబురొచ్చింది.

దినం నాడు వాళ్లింటి వాకిట్లో దొరబాబు, ఆయన రాసిన రిపోర్టుల ఫైలు తెచ్చి గోపి చేతిలో పెట్టాడు. "ఆ మాట్లాడే యంత్రం ఉంటే ఇక నీతో పని లేదని దాన్నే కొందామనుకున్నానురా. ఈయన పడనిస్తేగా! ఇవి చదువు."

మొదటి రిపోర్టులో ఇలా ఉంది: "ఈ యంత్రమునకు గల లోపము, మనిషి లేనిదే పనిచేయదు. కావున గోపిని ఉంచవలెను. అతనికి కోపమెక్కువ. అయినను గొంతు మంచిది. అంగడిలో అరవగా పోర్టు గేటు దాకా వినబడినది. రేడియో చెడినను విమానమునకు వినబడును."

చివరిదానిలో: "గోపి నిద్రలో ఉండెను. లేపలేదు. రెండు గంటల గాలి నేనే చూసి పుస్తకములో వ్రాసితిని."

గోపికి అక్షరాలు అలుక్కుపోయాయి. లోపలికెళ్లి రోజారమణి గారి ముందు చతికిలబడ్డాడు.

"అమ్మా, తప్పైపోనాదమ్మా. ఆ రోజు నాను నిద్దరోనేదు. ఆయన మొకం సూడనేక..."

"తెలుసు బాబూ" అందావిడ. "ఇంటికొచ్చి చెప్పారు. 'కుర్రాడికి బొత్తిగా నటన రాదే, రెప్పలు ఆడిపోతున్నాయి' అని వంక పెట్టారు."

అంత ఏడుపులోనూ గోపికి నవ్వొచ్చింది.