వెనక్కి నడిచిన టామ్సిన్

ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో ఓడెక్కేవాళ్లను ఎలా సాగనంపాలో చెప్పాలంటే టామ్సినే చెప్పాలి. చేపలకు ఉప్పు పట్టించి పగిలిన చేతులతో, ఏడ్చే ఆడవాళ్ల భుజాలు పట్టి ఇంటివైపు తిప్పేస్తుంది. "సాగనంపాక మళ్లీ ఓడవైపు చూశారో, పోయినవాడు తిరిగి రాడు. పోయి పొయ్యి రాజేసుకోండి" అంటుంది. ఆమె మాట కాదని చూసినవాళ్లు ఆ రేవులో లేరు.

ఈసారి వర్జీనియాకు వలస జనాన్ని తీసుకెళ్లే ఓడలో ఆమె మొగుడు జెంకిన్ కూడా ఎక్కాడు. టామ్సిన్ అందరికంటే ముందు వెనుదిరిగి, తలెత్తుకుని ఇంటికి వెళ్లింది. తీరా చూస్తే అతని ఉన్ని చొక్కా మంచం మీదే ఉండిపోయింది. గాలి పడిపోయి ఓడ ఇంకా గట్టునే ఉందని పక్కింటి విల్మట్ చెప్పింది. జెంకిన్ చలికి దగ్గే మనిషి. చొక్కా ఇవ్వకపోతే ఎలా? ఇవ్వాలంటే ఓడవైపు చూడాలి కదా? టామ్సిన్ చొక్కాను వీపు వెనక పట్టుకుని, వెనక్కి నడుస్తూ రేవులోకి వచ్చింది.

"కుడికి, వదినా. అక్కడ పీపా ఉంది. ఇంకాస్త పోయావంటే ఆయనకంటే ముందు నువ్వే వర్జీనియా చేరతావు" అంటూ విల్మట్ దారి చూపుతుంటే రేవంతా నవ్వింది.

"నవ్వండి. తిరిగొచ్చాక ఆయనా మీతో కలిసి నవ్వుతాడు" అంది టామ్సిన్, అడుగు తడబడకుండా.

జెంకిన్ ఓడ అంచు నుంచి వంగి చొక్కాతోపాటు ఆమె చెయ్యి కూడా పట్టుకున్నాడు. "ఒక్కసారి ఇటు తిరగవే."

"తిరగను. వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని తనివితీరా చూస్తా."

"అయితే చెయ్యి కూడా వదలమంటావా?"

టామ్సిన్ కాసేపు ఆలోచించింది. "చెయ్యి సంగతి ఎవరూ చెప్పలేదు" అంది.

మళ్లీ గాలి లేచేదాకా, ఊరంతా చూస్తుండగా, ఇంటివైపు మొహం పెట్టుకుని అలాగే నిలబడింది.