మాస్టారి చలువరాయి

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. ఫిబ్రవరిలో ఓ మంగళవారం ఉదయం ఏడున్నరకి గుంటూరు బస్టాండులో ప్రత్తిపాడు బస్సెక్కాను. టికెట్ ఎనిమిది రూపాయలు. ఓ పల్లె చర్చిలో మా తెలుగు మాస్టారి పేరిట నిలబెట్టిన చలువరాయిని చదివి రావాలి. నిఘంటువు పని మీద ముప్పై ఏళ్లు కూర్చున్న పండితుడాయన. రాతి మీద చెక్కాల్సిన పద్యం పోయేముందు తనే రాసి పాస్టరుగారి చేతికిచ్చారు. "అందులో నీ పేరూ పెట్టాను" అని భార్య సుగుణమ్మగారితో అన్నారట. రాయి నిలబెట్టిన రోజున ఆవిడ కంటి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నారు. చూపు మళ్లీ రాలేదు. ఆ పాస్టరుగారూ పోయారు. "ఒక్క అక్షరం వదలకుండా రాసుకురా నాయనా, నా పేరుందో లేదో చూడు" అని సుగుణమ్మగారు నన్ను పంపారు.

బస్సులో పక్క సీటు రైతు ఒడిలో పురుగుమందు డబ్బా. "రాయి చూడ్డానికి ఇంత దూరమా? మా కల్లంలో మిర్చి చూద్దురుగాని రండి. మొన్నటి వానకి తడిసి సగం తెల్లబారి తాలుకాయే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు చూడలేకపోయాను.

ఎనిమిదిన్నరకి దిగి, రెండిడ్లీ తిని, ఆటోలో అరగంట. దారి పొడుగునా ఎండిన పత్తికట్టె.

గంట కొట్టే యోహాను వచ్చి చర్చి తాళం తీశాడు. అరవై దాటిన మనిషి. "మాస్టారి రాయా? రండి, అద్దంలా ఉంటది."

అద్దంలానే ఉంది. అక్షరాల్లేవు. పైన ఒక తలకట్టు, కింద రెండు మూడు గుంటలు, అంతే.

"అక్షరాలేవీ?"

"ఏటా క్రిస్మస్‌కి యాసిడ్ పోసి కొబ్బరిపీచుతో రుద్దుతానండి. నురగొస్తే మురికి పోతందనుకున్నా. అక్షరాల్లో నింపిన నల్లరంగు పోతే మళ్లీ పూయించొచ్చులే అనుకున్నా. చెక్కుడే పోద్దని తెలీలేదండి. నాకు చదువు రాదు. మాస్టారంటే ప్రాణమండీ నాకు."

తిట్టబోయినవాణ్ణి ఆగిపోయాను. ఊళ్లో నలుగురు పెద్దల్ని అడిగాను. పద్యముండేదని అందరికీ తెలుసు, ఒక్క ముక్క ఎవరికీ గుర్తులేదు. యాసిడ్ కంటే ఇదే నాకు ఎక్కువ మండింది.

తిరుగు బస్సు ఒంటిగంటకి. ఛందస్సు నాకు నేర్పింది మాస్టారే. గుంటూరు చేరేలోపు ఆయన ధోరణిలో నాలుగు పాదాలు నోటుబుక్కులో కుదిర్చి, చివరి పాదంలో సుగుణమ్మ పేరు పెట్టాను. సిగ్గేసింది, అయినా కొట్టెయ్యలేదు. ఆ ఊరు వెళ్లేవాళ్లకి నునుపైన రాయి తప్ప అక్కడేమీ కనపడదు. యోహానుని మాత్రం ఏమీ అనకండి.

మూడింటికి ఆవిడ మంచం పక్కన కూర్చుని చదివాను. పేరు వినగానే నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. మళ్లీ చదివించుకున్నారు.

"ఎటువైపుంది నాయనా నా పేరు?"

"కింద, కుడివైపునమ్మా."

"చేతికందుతుందా?"

"అందుతుంది."

"అయితే ఆదివారం నన్ను తీసుకెళ్లు. వేళ్లతో చూసుకుంటాను."