రేకులు ఎత్తుతానన్న మా సార్

మా పీటీ సార్ పోయారని, నాతో స్కూల్లో చదివిన సుజాత ఫోన్ చేసింది. మొదటిసారి చేసినప్పుడు నేను క్లాసు చెబుతూ ఉండి తీయలేదు. రెండోసారి తీయగానే, "ఏయ్, సార్ పోయిండే" అంది.  మన్నెగూడలో దాని కర్రీ పాయింట్ దగ్గర ఎవరో పప్పు అడుగుతున్నారు. "ఆఁ, కడ్తున్న, జర ఆగు" అని వాళ్లకు చెప్పి, నాతో అంది: "పొద్దుగాల లేవనే లేదంట. వస్తవా మరి?"

వెళ్లాను. చూశాను. తిరిగి వచ్చాను. ఇది రాయడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని తెలుసు. నాకైనా ఏమన్నా ఒరుగుతుందా అన్నది అనుమానమే.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో ఎరువుల కొట్టు పెట్టుకున్న కుటుంబం మాది. నేను ఆడపిల్లల హైస్కూల్లో చదివేదాన్ని. సాగర్ రోడ్డు పక్కనే స్కూలు గ్రౌండు. అక్కడ మేం బాస్కెట్‌బాల్ ఆడితే బస్సుల కోసం నిలబడ్డ మగవాళ్లంతా ఇటు తిరిగేవారు. ఇళ్లలో గొడవైంది. ఒక్కొక్కరినీ ఆట మాన్పించారు. అప్పుడు సార్ అన్నగారు చూసుకుంటున్న తమ ఉమ్మడి వడ్ల గోడౌన్ అడిగి తీసుకున్నారు. రేకుల షెడ్డు, సిమెంటు నేల. కోతల కాలంలో సగం హాలు బస్తాలతో నిండిపోయేది. మిగతా రోజుల్లో అది మాది.

మా నాన్న ఒప్పుకోలేదు. "గోడౌన్లో ఆడపిల్లలకి బంతాటేంటండీ మాస్టారూ?" అన్నారు కొట్టులోంచే.

"బయట ఆడితె అందరు చూస్తుండ్రు అంటిరి. లోపల ఆడితె గోడౌన్ అంటిరి. మరి యాడ ఆడమంటవ్ అన్నా, మీ కొట్ల ఆడాల్నా?" అన్నారు సార్. మా నాన్న నవ్వారు. ఆ నవ్వుతో నాకు అనుమతి దొరికినట్టయింది.

ఆడే ముందు నేల తుడవాలి. వడ్ల దుమ్ము మీద కాలు నిలవదు. తడి గోనెసంచి మడిచి, దాని మీద చేతులానించి, వంగుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తోసుకుంటూ పరుగెత్తేవాళ్లం. సార్ కూడా ఒక సంచి పట్టుకునేవారు. ఆరేలోగా సార్ నియమాలు చెప్పేవారు. ఆ ఆట ఎరగనివాళ్ల కోసం ఆయన మాటల్లోనే కొన్ని రాస్తాను.

"జట్టుకు అయిదుగురు. నలుగురొస్తే ఆట షురూ గాదు. బంతి వట్టుకొని నడ్వొద్దు, నేలకు కొట్టుకుంట పోవాలె. ఒకపారి ఆపి చేతులకు తీసుకున్నవంటే మళ్ల కొట్టద్దు. ఎవరికన్న ఇయ్యి, లేకుంటె బుట్టల ఎయ్యి. గీత తొక్కితె బయటికి పోయినట్టే, గీత మనది గాదు. అవతలోల్ల బుట్ట కింద మూడు సెకన్ల కన్న ఎక్కువ నిలవడొద్దు. చుట్టపోల్ల లెక్క ఆడనే కూసుంటె ఎల్లగొడ్తరు."

"ఎదుటోల్లను నూకితే?" అని సుజాత అడిగింది. అది నూకుతుందని అందరికీ తెలుసు.

"నూకు. నాలుగు తప్పుల దాక ఊకుంటరు. అటెన్క బయట కూసొని చప్పట్లు కొట్టు."

ఇంకో నియమం ఉంది. బంతి కప్పుకు తగిలితే బయటికి పోయినట్టే. అవతలి జట్టుది అవుతుంది. పెద్ద హాళ్లలో ఆడేవాళ్లకు ఈ నియమం ఉందని కూడా గుర్తుండదు, బంతి అంత పైకి పోదు కనుక. మా షెడ్డులో బుట్ట మీద ఇంకో మనిషెత్తు ఖాళీ ఉంటే గొప్ప. కొంచెం ఎత్తి వేస్తే చాలు, రేకు ధన్‌మని మోగేది. సార్ చెయ్యి ఎత్తేవారు. బంతి పోయేది. "ఈ ఒక్కటీ వదిలెయ్యండి సార్, రేకులు కిందికున్నాయి కదా" అని నేను బతిమాలేదాన్ని. "రూల్ రూలే బిడ్డ. ఇయ్యాల రేకులు ఇడ్శిపెడ్తె రేపు గీత ఇడ్శిపెట్టుమంటరు" అనేవారు.

కాబట్టి మేం నేర్చుకున్నాం. బంతిని తిన్నగా, తక్కువ ఎత్తులో, గోడకు మేకు కొట్టినట్టు వేయడం. సుజాత చేతిలో అది చూడముచ్చటగా ఉండేది. రేకుకు తగలకుండా, దాని కిందుగా దూసుకెళ్లి బుట్టలో పడేది. దాన్ని మించి ఆడగలవాళ్లు రాష్ట్రంలో ఉండరని మా నమ్మకం. జిల్లా జట్టులోకి వస్తే సుజాతకు ఆటల కోటాలో కాలేజీ సీటు వస్తుంది. రాకపోతే పదో తరగతితో సరి. వాళ్ల బాపు ముందే చెప్పేశాడు. ఇది మాకందరికీ తెలుసు, సార్‌కు ఇంకా బాగా తెలుసు.

ఎంపికలు పట్నంలో ఒక ఇండోర్ స్టేడియంలో జరిగాయి. లోపలికి అడుగుపెట్టగానే మేం తలలెత్తి చూశాం. కప్పు ఎక్కడో ఉంది. దాని కింద పావురాలు ఎగురుతున్నాయి.

ఆరోజు మేం ఒక్క నియమం తప్పలేదు. ఎవరూ బంతి పట్టుకుని నడవలేదు, గీత తొక్కలేదు. రెఫరీ వచ్చి, "పిల్లలకు రూల్స్ మంచిగ నేర్పినవ్ సార్" అని మెచ్చుకున్నాడు కూడా. కానీ సుజాత వేసిన ప్రతి బంతినీ అవతలి పొడుగు పిల్లలు నిలబడ్డచోటే చెయ్యి చాపి ఆపేశారు. వాళ్లను దాటినవి బుట్ట అంచుకు కొట్టుకుని వెనక్కి వచ్చాయి. వాళ్ల బంతులు మాత్రం పైకి లేచి, పైన ఒక్క క్షణం ఆగినట్టు ఉండి, మెత్తగా దిగేవి. అలా వేయొచ్చని మాకు తెలియదు. తెలిసినా చేతులు మాట వినవు.

తిరుగు బస్సులో సుజాత ఏడవలేదు. "గంత ఎత్తు చూసినంక నాకు బుట్ట యాడున్నదో తెల్వలె సార్" అంది.

"తప్పు నీది గాదు. రేకులది" అన్నారు సార్.  ఇబ్రహీంపట్నంలో దిగేటప్పుడు, "రేకులు ఎత్తుత" అన్నారు.

సుజాత చదువు అక్కడితో ఆగిపోయింది. నేను చదువుకున్నాను. యూనివర్సిటీకి వెళ్లాను. మా ఇద్దరికీ తేడా ఎరువుల కొట్టే తప్ప ఇంకేమీ కాదని ఇప్పటికీ అనుకుంటాను.

సార్ ఆ మాట వదల్లేదు. ఇనుప గొట్టాలు తెచ్చి షెడ్డు పక్కన పెట్టారు. వాటిమీద రేకులు పైకి లేపాలని. ప్రతి ఏడూ వాళ్లన్న, "ఈ పంట కానీ తమ్మీ" అనేవాడు. పంట అయ్యేది. గొట్టాలు తుప్పు పట్టేవి. కొత్త పిల్లలు వచ్చేవారు. వాళ్లూ ఆ కప్పు కిందే ఆ తిన్నటి బంతే నేర్చుకునేవారు. తప్పని తెలిసీ ఆయన ఎలా నేర్పారు? ఆపేస్తే బాగుండేదా? ఆపితే ఆ పిల్లలకు ఆ గంట కూడా ఉండేది కాదు. దీని మీద నాకు ఏ నిర్ణయమూ కుదరలేదు. ఆయన్ను అడిగే ధైర్యం చేయలేదు. ఇక అడగలేను.

తర్వాత పట్నం మా రోడ్డు పట్టుకుని రావడం మొదలైంది. మన్నెగూడలో ప్లాట్లు, ఆదిబట్లలో కంపెనీలు, అవతల పెద్ద రోడ్డు. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు సార్‌ను చూడటానికి గోడౌన్‌కు వెళ్తే అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రోడ్డు మీది జాగ తమ్మీ. ఎవడన్న బంతాటకు ఇడ్శిపెడ్తడా? నీ పాలు నీకొస్తది, ఇంక ఫికరేంది?"

"నా పాలు నాకొద్దన్నా. రేకులు ఎత్తనియ్యి."

"ఎత్తినంక ఏంజేస్తవ్, మబ్బులల్ల బంతి ఏస్తవా?"

అన్నగారి కొడుకు మెత్తగా అన్నాడు, "కాకా, ఇప్పుడు ఎవరొస్తుండ్రు? పోరలంత ట్యూషన్లకు పోతుండ్రు. ఎంతమందున్నరు జెప్పు."

సార్ లోపలికి చూశారు. నలుగురు ఆడపిల్లలు తడి సంచులతో నేల తుడుస్తున్నారు.

"నలుగురు" అన్నారు.

ఎవరూ ఆయన్ను బలవంతం చేయలేదు. ఆ అంకె ఆయన నోటితో ఆయనే చెప్పాక ఇంకెవరూ ఏమీ అనాల్సిన పని లేకపోయింది. వారం తిరక్కుండా అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టారు. ఆ గొట్టాలు కొన్నవాళ్ల కంచెకు పనికొచ్చాయి.

పోయిన ఏడాది నా సహోద్యోగి ఒకామె తన కొడుకు పుట్టినరోజుకు పిలిచింది. మన్నెగూడ దాటాక విల్లాల్లో ఉంటుంది. క్లబ్‌హౌస్‌లో ఇండోర్ కోర్టు ఉందని విని, సార్‌ను వెంట తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానో. సంతోషిస్తారనుకున్నానేమో.

గీత దగ్గర ఆయన చెప్పులు విప్పారు. మిగతావాళ్లు చెప్పులతోనే తిరుగుతున్నారు. చెక్క నేల మీద తివాచీ, దానిమీద కుర్చీలు, కేకు బల్ల. బుట్టల్ని గోడకు మడిచి కట్టేశారు.

"ఈడ పిల్లలు ఆడ్తరా అమ్మా?" అని సార్ అడిగారు.

"ఎక్కడండీ అంకుల్, టైమే ఉండదు. ఇలా ఫంక్షన్లకి మాత్రం బాగా పనికొస్తుంది" అంది ఆమె, చాలా మర్యాదగా.

సార్ తలెత్తి కప్పు చూస్తూ నిలబడ్డారు. "సుజాత బంతి ఎంత ఎత్తు లేపినా ఆ కప్పుకు తాకకపోతుండె" అన్నారు. నాతో అన్నారో, తనలో తను అనుకున్నారో తెలియదు.

అప్పుడే ఒక పిల్ల చేతిలోంచి గ్యాస్ బుడగ జారిపోయింది. ఎర్రది. తొందరేమీ లేనట్టు పైకి పోయి, కప్పుకు ఆనుకుని ఆగింది. పిల్ల ఏడ్చింది. వాళ్లమ్మ ఇంకో బుడగ ఇచ్చింది. పాట పాడారు, కేకు కోశారు, కప్పు వైపే చూస్తున్న సార్‌ను రెండుసార్లు పిలిచాను. అందరూ వెళ్లి మేమిద్దరమే మిగిలాక వాచ్‌మన్ ఒక్కో వరుస దీపాలు ఆర్పుతూ వచ్చాడు. చీకటి పడ్డ ఆ ఎత్తులో బుడగ కనిపించడం మానేసింది. దారం మాత్రం ఇంకా ఆర్పని దీపాల వెలుగులో, ఎవరికీ అందనంత పైన, ఏసీ గాలికి అటూ ఇటూ ఊగుతోంది.